కోకాపేట గుంతలో ఇద్దరు దొరలు

డెబ్బైల్లో నేను ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో జీపు డ్రైవరుగా చేరాను. వారం తిరగకముందే, ఇద్దరు దొరలకు పొలాలు చూపించడానికి తీసుకెళ్తూ, కోకాపేట దగ్గర జీపును వాన నీళ్లు నిండిన గుంతలో దించేశాను. సీట్ల దాకా నీళ్లొచ్చాయి.

అమెరికా దొర పగలబడి నవ్వి, తన మేనమామ కారుతో సహా కోళ్లగూట్లోకి దూరిన కథ చెబుతూ నా వీపు చరిచాడు. బ్రిటిష్ దొర మాత్రం ముఖం కదలకుండా, "నాకు పడవ షికారు ఇష్టమని నీకెవరు చెప్పారు?" అన్నాడు.

ఉద్యోగం పోయిందనుకున్నాను. "తప్పయిపోయింది సార్" అంటూ ఏడ్చేశాను.

వెనక కూర్చున్న పొలం మేస్త్రీ యాదయ్య నా భుజం పట్టుకున్నాడు. "ఏందన్నా, గింత పరేషాన్ అయితవ్? గాయన జోకులే గట్ల ఉంటయ్. అమెరికాయన ముందుగాల తానే నవ్వుతడు, ఈయన అస్సలు నవ్వడు."

నా కన్నీళ్లు చూసి బ్రిటిష్ దొరే కంగారుపడ్డాడు. బూట్లు విప్పి, బురదలోకి దిగి, నాతో కలిసి జీపు తోశాడు.

ఆ పడవ షికారు మాటలోని చమత్కారం నాకు మర్నాడు అన్నం తింటుంటే తట్టింది. ఒక్కడినే పకపకా నవ్వాను. మా ఆవిడ హడలిపోయింది.

ఇప్పుడు అక్కడంతా అద్దాల మేడలు. బస్సులో అటు వెళ్లినప్పుడల్లా నాకు అదే నవ్వొస్తుంది. పక్క సీటువాళ్లు వింతగా చూస్తారు.