హన్మాండ్లు ఓర్వలేని డైరెక్టరు

“నీ సినిమా ఎవడైనా చూశాడా?”

గల్ఫ్ కూలీలుండే ముసఫ్ఫా క్యాంపులో హన్మాండ్లు ఈ మాట అడిగింది స్టోర్‌కీపర్ నెస్టర్ మగ్‌సినోను. పదిమంది ముందు, పరువు తీద్దామని, హిందీలో అడిగాడు.

“పోలీసులు చూశారు. రెండుసార్లు,” అన్నాడు ఆ ఫిలిప్పీన్స్ మనిషి, వచ్చీరాని క్యాంపు హిందీలోనే.

గదంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు తనకు రావలసింది కదా అని హన్మాండ్లుకు ఆ పూట అన్నం సయించలేదు.

దుబాయ్ బతుకుల గురించి రాసేవాళ్లు క్యాంపుల్లో దేశాలు మరిచి అందరూ అన్నదమ్ములవుతారని రాస్తుంటారు. ఒకే కుళాయి కింద స్నానం చేసినంత మాత్రాన ఎవరూ అన్నదమ్ములు కారు. హన్మాండ్లుకు నెస్టర్ అంటే కుళ్లు. దానికి కారణమూ ఉంది.

జగిత్యాల దిక్కు ఊళ్లలో హన్మాండ్లు బాగోతం నేర్పే గురువు. ఎంత మొనగాడైనా అతని కాళ్లకు మొక్కాకే గజ్జె కట్టేవాడు. ఇక్కడికి వచ్చాక గజ్జెలు పోయినా పెద్దరికం పోలేదు. చదువురాని కూలీలు ఇంటికి క్యాసెట్లో మాట్లాడి పంపేవారు. టేప్‌రికార్డర్ హన్మాండ్లుది, మాట్లాడించే పద్ధతీ అతనిదే. ముందు పెద్దలకు దండం. తర్వాత “నేను మంచిగున్న, కంపెనీ మంచిగ చూస్తుంది, రంది పెట్టుకోకుండ్రి.” ఆపైన ఇంట్లోవాళ్ల పేర్లు వరసగా. కష్టమేదైనా ఉంటే ఆఖర్న, అదీ మెల్లగా. అందరి గొంతులూ ఒకే మనిషి గొంతులా ఊరికి చేరేవి.

నెస్టర్ చెరుకు తోటల దీవిలో ఒక మిల్లు గుమాస్తాకు పుట్టాడు. మనీలాలో కాలేజీ ఎగ్గొట్టి స్టూడియోలో చేరాడు. పాటలూ ఫైటింగులూ పెట్టి రెండు సినిమాలు తీస్తే రెండూ ఆడాయి. మూడోది చెరుకు కొట్టే కూలీల మీద. కోత లేని నెలల్లో ఏం తింటారో వాళ్లనోటనే చెప్పించాడు, వాళ్ల సంఘంతో ఊరేగింపుల్లో నడిచాడు. అవి మార్షల్ లా రోజులు. పోలీసులు ముందు రీళ్లను, తర్వాత అతన్ని పట్టుకుపోయారు. ఏడాదికి వదిలారు గానీ ఆ పైన అతని చేతికి కెమెరా ఇచ్చే నిర్మాత దొరకలేదు. 1979లో ముసఫ్ఫాకు వచ్చి మేకులూ సిమెంటు బస్తాలూ చూసుకునే పనిలో పడ్డాడు.

ఈ కథ విన్నప్పుడల్లా హన్మాండ్లుకు ఆ జైలు మీద కూడా అసూయ పుట్టేది. తన బాగోతానికి భయపడి తననెవరూ పట్టుకుపోలేదే!

ఒక శుక్రవారం పోశయ్య అనే కూలీ టేపు ముందు కూర్చుని నీళ్లు నమిలాడు. నెస్టర్ అతన్ని మెస్సు వంటగదికి తీసుకుపోయి, ఉల్లిగడ్డలు కోస్తూ మాట్లాడమన్నాడు. కత్తి చప్పుడు, గిన్నెల మోత, వంటవాడి తిట్లు అన్నీ క్యాసెట్లోకి ఎక్కాయి. పోశయ్య భార్య గౌరవ్వ తిరుగు క్యాసెట్లో, “ఇన్నేండ్లకు నీ గొంతు ఇన్న,” అంది.

ఆ వెంటనే, అదే ఊళ్లో ఉండే హన్మాండ్లు భార్య సమ్మవ్వ క్యాసెట్ వచ్చింది. “ఏమయ్యో, పోశయ్య తీర్గ నువ్వు గూడ మాట్లాడరాదు? గా ఫిలిప్పీనాయనను అడుగు, చెప్తడు.”

హన్మాండ్లు గబుక్కున టేపు ఆపాడు. అప్పటికే గదంతా వినేసింది.

“వదినె గూడ ఆయన పార్టీయేనా అన్నా?” అన్నాడు పోశయ్య.

“నోరు ముయ్యిర, ఉల్లిగడ్డ మొఖపోడా!”

1983లో జీతాలు ఆగాయి. నాలుగు నెలలు గడిచాయి. కంపెనీ నడిపే ముదీర్ ఎప్పుడడిగినా “బుక్రా, రేపు” అనేవాడు. అసలు యజమాని కఫీల్ ఎప్పుడూ దేశంలో ఉండడు. కాగితం రాసిస్తే అది ముదీర్ బల్ల దాటదు. కఫీల్ ఒక్కరోజు పని మీద వచ్చాడని, మర్నాడే విమానం ఎక్కుతాడని ఆయన డ్రైవరు అబ్దుల్ రహీం చెప్పాడు. రహీంది బోధన్, తెలుగూ వచ్చు, అరబ్బీ వచ్చు. నెస్టర్ ఉపాయం చెప్పాడు. అందరి గోడూ ఒక క్యాసెట్లో ఎక్కించాలి. ఎయిర్‌పోర్టుకు పోతూ రహీం కారులో దాన్ని వేసి, మాట మాటా అరబ్బీలో చెప్పాలి.

“మొదటి మాటే జీతం,” అన్నాడు నెస్టర్.

“తెలుగోళ్ల మాట తెలుగోడే చెప్పించాలె,” హన్మాండ్లు అడ్డం తగిలాడు. “దండం లేదు, క్షేమం లేదు, గడపల కాలువెట్టంగనే ఏడుసుడేనా? గది మర్యాదేనా?”

“భాయ్, ఎయిర్‌పోర్టు దూరం కాదు.”

“నువ్వు తీసింది మూడు సినిమాలు. నేనాడించిన బాగోతాలకు లెక్క లేదు.”

నెస్టర్ రికార్డర్‌ను అతని ముందుకు జరిపాడు. ఆ పూట హన్మాండ్లు మళ్లీ గురువయ్యాడు. ఒక్కొక్కణ్ని కూర్చోబెట్టి కఫీల్‌కు దండం పెట్టించాడు, క్షేమం చెప్పించాడు. జీతం మాట చివర్లో అందరి తరఫునా తానే చెప్పాడు. అద్భుతంగా చెప్పాడని పోశయ్య కూడా ఒప్పుకున్నాడు.

మర్నాడు రహీం మండిపడుతూ వచ్చాడు. “అరే హన్మాండ్లూ, మీ సలాములకే ఎయిర్‌పోర్ట్ వచ్చింది కదరా! ఒకడైనంక ఒకడు, మంచిగున్నం, కంపెనీ మంచిగ చూస్తుంది. నేను ఉన్నదున్నట్టు చెప్పిన. పెద్దాయన మాషా అల్లా అనుకుంట దిగిపోయిండు.”

“టేపు ముందటికి తిప్పరాదు?” అన్నాడు పోశయ్య.

“స్టీరింగ్ ఎవడు పట్టాలె, మీ తాతనా?”

కఫీల్ ముచ్చటపడి, క్యాసెట్ విన్నానని, కూలీలను బాగా చూసుకుంటున్నావని ముదీర్‌కు ఫోన్‌లో మెచ్చుకోలు చెప్పాడు. ముదీర్‌కు అనుమానం వచ్చింది. రహీం దగ్గర క్యాసెట్ లాక్కుని అర్థం చెప్పించుకున్నాడు. దాన్ని ఆఖరుదాకా విన్నవాడు ఆయనొక్కడే.

“ఇది చేయించింది ఎవరు?” అని ముదీర్ అందరినీ నిలబెట్టి అడిగాడు.

కళ్లన్నీ నెస్టర్ వైపు తిరిగాయి.

“డైరెక్టర్ నేనే,” అన్నాడు నెస్టర్.

దీన్ని త్యాగమని పొగడనక్కర్లేదు. సినిమా ఆడకపోయినా టైటిల్ కార్డు వదులుకునే డైరెక్టరు ఏ దేశంలోనూ ఉండడు. హన్మాండ్లు కడుపు మాత్రం భగ్గున మండింది. చెప్పించిందంతా తాను, పేరేమో వాడిది! “నేనే” అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ముదీర్ మొహం చూసి మింగేశాడు. “ఖలాస్,” అని ముదీర్ చెయ్యి ఊపాడు. ఆ వారంలోనే నెస్టర్‌ను విమానం ఎక్కించారు.

1986లో, మార్షల్ లా పెట్టిన అధ్యక్షుణ్ని దించడానికి మనీలా జనం రోడ్ల మీదికొచ్చిన వార్తను హన్మాండ్లు షార్జాలో రోలా బజారులోని ఒక హోటల్ టీవీలో చూశాడు. గుంపులో కెమెరా భుజాన వేసుకున్నవాడొకడు కనబడి మాయమయ్యాడు. నెస్టరో కాదో తెలియదు.

“ఆడనే ఉంటడు, ముందటి వరసల,” అన్నాడు హన్మాండ్లు కసిగా.

ఆ నాలుగు నెలల జీతం కంపెనీ ఎవరికీ ఇవ్వలేదు. నెస్టర్‌కు రావలసిందీ అందులోనే ఉంది.