టోపీవాడు తాగని టీ

గడియారాలు బాగుచేసే ఆ మనిషిని బజారంతా భూతద్దం అంటుంది. పని చేసేటప్పుడు కంటికి తగిలించుకునే నల్లగొట్టాన్ని చూసి పెట్టిన పేరని కొత్తవాళ్ళు అనుకుంటారు గానీ, అసలు సంగతి వేరు. ఆ మహానుభావుడు మనుషుల్ని కూడా దాంతోనే చూస్తాడు. కూరగాయలామె రెండు టమాటాలు ఎక్కువ వేస్తే ఇంటికొచ్చి, "ఎందుకు వేసిందంటావ్?" అని భార్యని అడుగుతాడు. పక్కింటాయన నవ్వుతూ పలకరించాడా, ఆ పూట ఇతనికి అన్నం సయించదు.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు," అని విసుక్కుంటుంది భార్య. ఆవిడకేం తెలుసు పాపం! ఈ బుద్ధి పుట్టుకతో రాలేదు, సినిమాహాల్లో అంటుకుంది.

అప్పుడు భూతద్దం రెండో తరగతి, అక్క ఆరో తరగతి. పరాయి భాషలో ఏదో గూఢచారి సినిమా వచ్చిందని నాన్న ఇద్దర్నీ హాల్లో కూర్చోబెట్టి తన పని మీద వెళ్ళిపోయాడు. తెర మీద వాళ్ళు మాట్లాడేది తమ్ముడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ భాష బళ్ళో నేర్చుకుంటున్నానని గొప్పలు పోయే అక్క, వాడి చెవిలో నోరుపెట్టి కథంతా చెప్పింది. నల్లకోటు వేసుకున్నవాడు గూఢచారి, టోపీవాడు అతని నేస్తం. ఇద్దరూ మంచుకొండ మీద గుడిసెలో చిక్కుకుపోయారు. టోపీవాడు ఫ్లాస్కులోంచి టీ పోసి నల్లకోటుకిచ్చాడు. తను మాత్రం తాగలేదు.

"వాడెందుకు తాగలేదక్కా?"

"అందులో విషం కలిపాడురా పిచ్చి మొహమా! ఆ నవ్వు చూడు వాడిది. ఎప్పుడూ పక్కనుండేవాడే కొంప ముంచుతాడు."

"మరి నల్లకోటు తాగేశాడుగా!"

"తాగినట్టు నటించాడు."

తెల్లారేసరికి టోపీవాడు మంచులో కట్టెలా బిగుసుకుని పడున్నాడు. "చూశావా, పాపం పండింది," అంది అక్క. టీ తాగనివాడు విషంతో ఎలా చచ్చాడమ్మా అని అడిగే తెలివి ఆ వయసులో ఎక్కడిది? పెద్దయ్యాకా అడగలేదు. భక్తి అంటే అంతే మరి.

ఆ రోజు నుంచి నల్లకోటంటే పడిచచ్చాడు. ఆ వరసలో ఏ సినిమా వచ్చినా మొదటి ఆట తప్పలేదు. పెళ్ళయిన కొత్తలో భార్యని తీసుకెళ్ళి, వెనక గోడకి ఆనుకున్న సీట్లు దొరికేదాకా పాపం ఆవిణ్ణి నిలబెట్టే ఉంచాడు. నల్లకోటు ఎవరికీ వెన్ను చూపించి కూర్చోడట! ఆ వేషం వేసే నటులు మారారు, ఇతని జుట్టు నెరిసింది, పిచ్చి మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. తర్వాత వచ్చినవన్నీ మన భాషలోనే చూశాడు గానీ, ఆ మొదటిది మళ్ళీ ఎక్కడా ఆడలేదు. ఫోన్లో వెతకొచ్చుగా అని ఎవరైనా అంటే, "తెలిసిన కథకి వెతుకులాటెందుకు?" అనేవాడు.

ఆ కథ లక్షసార్లు విన్న పుణ్యాత్ముడు ఒకడున్నాడు. చిన్ననాటి నేస్తం, దుకాణంలో సగం వాటాదారు. దేనికైనా "నిదానంరా, నిదానం" అంటాడు కాబట్టి అతని పేరే నిదానం అయిపోయింది. ఇద్దరూ ఒకచోటే పని నేర్చుకున్నారు, ఒకే బల్లకి అటొకరు ఇటొకరు కూర్చుని ముసలివాళ్ళయ్యారు. లోకం మొత్తం మీద భూతద్దం నమ్మినవాడు ఆ ఒక్కడే. సాయంత్రమయ్యేసరికి నిదానం తన భార్య కాచి ఇచ్చిన ఫ్లాస్కు తీసి రెండు గ్లాసుల్లో టీ పోసేవాడు. ఇద్దరూ చప్పరిస్తూ తాగేవారు.

అలాంటి నిదానం ఉన్నట్టుండి టీ మానేశాడు. మానేస్తే మానేశాడు, ఫ్లాస్కు మాత్రం తెస్తున్నాడు! "నువ్వు పోసుకోరా, నాకొద్దు," అని మొహం తిప్పుకుంటున్నాడు.

భూతద్దం గుండెల్లో రాయి పడింది. ఇక కంటికి ఆనినవన్నీ ఆనవాళ్ళే. ఆడవాళ్ళ చిన్న వాచీలు ఎప్పుడూ నిదానమే విప్పేవాడు, ఇప్పుడవి మెల్లగా బల్లకి ఇవతలికి తోస్తున్నాడు. తను గోడగడియారాలు ముందేసుకుని అటు తిరిగి కూర్చుంటున్నాడు. ఫోను మోగితే వీధిలోకి పోయి మాట్లాడుతున్నాడు. ఎవరైనా వస్తే కుడిచెయ్యి జేబులో దోపుకుంటున్నాడు. జేబులో ఏముంది? ఎదుటి వీధిలో కొత్తగా తెరిచిన పెద్ద వాచీల షోరూము వాళ్ళతో చేతులు కలిపాడా? ఒక పక్క కోపం. ఇంకో పక్క, వీడు కూడా పోతే నాకు ఇంకెవరున్నారన్న దిగులు.

సరే, నల్లకోటు అయితే ఏం చేసేవాడు? పరీక్ష చేసేవాడు. భూతద్దం తన గ్లాసులో టీ గుమ్మం దగ్గరున్న పూలకుండీలో పోసి, రోజూ ఆ మొక్కని కనిపెట్టుకుని కూర్చున్నాడు. అది శుభ్రంగా చిగుళ్ళు వేసింది. "అయితే నెమ్మదిగా పనిచేసే రకమన్నమాట," అనుకున్నాడు మన మేధావి.

చివరికి ఒక సాయంత్రం ఉండబట్టలేక, రెండు గ్లాసుల నిండా టీ పోసి ఒకటి నిదానం ముందు పెట్టాడు.

"తాగు."

"వద్దురా."

"నా ఎదురుగా తాగు. ఇందులో ఏం లేకపోతే తాగడానికి నీకేం నొప్పి?"

నిదానం గ్లాసు వంక చూశాడు, భూతద్దం వంక చూశాడు. అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఇన్నేళ్ళ తర్వాత నన్ను టోపీవాణ్ణి చేశావట్రా?" అన్నాడు. దుకాణం తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, ఆ చేతిని మళ్ళీ జేబులో దోపుకుని మెట్లు దిగిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. భూతద్దం ఒంటరిగా కూర్చుని, పట్టేశాను దొంగని అని సంతోషించబోయాడు. సంతోషం రాలేదు. వాచీ విప్పితే స్క్రూ ఎక్కడ పెట్టాడో గుర్తుండటం లేదు. ఎదుటి కుర్చీ వైపు తిరిగి, "ఒరేయ్, అది ఇలా అందివ్వు," అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఆ వారంలోనే అక్క వచ్చింది. "మన మొదటి సినిమా మన భాషలో వచ్చిందిరా తమ్ముడూ! లే, పోదాం," అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

గోడ పక్క సీట్లలోనే కూర్చున్నారు. మంచుకొండ వచ్చింది, గుడిసె వచ్చింది. టోపీవాడు ఫ్లాస్కు వంచాడు. ఒక్క గ్లాసుకే సరిపోయింది టీ.

"మరి నీకో?" అన్నాడు నల్లకోటు.

"నాకొద్దు. నువ్వు తాగు. పొద్దున్నే కొండ దిగాల్సింది నువ్వు," అన్నాడు టోపీవాడు. అని నవ్వాడు. చిన్నప్పుడు చూసిన నవ్వే.

తెల్లారి అతను చలికి చచ్చిపోయి ఉంటే, నల్లకోటు ఆ శవం పక్కన మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు భూతద్దానికి గుర్తే లేదు.

"అక్కా! విషమన్నావు కదే!"

"నాకా భాషేం వచ్చురా, నా బొంద! అంతా నోటికొచ్చింది చెప్పాను."

"వాడు మంచివాడే!"

"మొహం చూస్తే తెలీదూ? మంచివాడు ఊరికే చచ్చిపోయాడంటే నువ్వు ఇల్లెగిరిపోయేలా ఏడ్చేవాడివి. చెడ్డవాణ్ణి చేసేస్తే గొడవ లేదనుకున్నా." అక్క తమ్ముడి మొహం చూసి కంగారుపడింది. "ఏమైందిరా? ఇప్పుడు ఏడుస్తున్నావేం?"

సినిమా అయ్యేదాకా ఆగలేదు భూతద్దం. నల్లకోటు సినిమా మధ్యలో లేచిపోవడం అతని జన్మలో అదే మొదలు.

తలుపు తీసింది నిదానం భార్య. "రండన్నయ్యా," అంది గానీ గొంతులో పలకరింపు లేదు. నిదానం కిటికీ దగ్గర కూర్చున్నాడు. లేవలేదు. ఆవిడ అలవాటు కొద్దీ రెండు గ్లాసుల నిండా టీ తెచ్చి పెట్టి, లోపలికి పోబోతూ ఆగింది.

"ఆయన చెయ్యి వణుకుతోందన్నయ్యా. మీకు చెప్పొద్దని నా చేత ఒట్టు పెట్టించుకున్నారు. డాక్టరు దగ్గరికి తిరుగుతున్నాం."

"నువ్వూరుకో," అన్నాడు నిదానం. చెయ్యి జేబులో లేదు, మోకాలి మీద ఉంది. అది దానంతటదే కదులుతోంది. "వాచీలవాడికి చెయ్యి పోయాక ఏముందిరా? నీ ముందు గ్లాసు ఎత్తితే సగం బల్ల మీదే పోసుకుంటాను. నువ్వు జాలిపడితే నేను చూడలేను. అందుకే మానేశాను."

భూతద్దం సిగ్గుతో చచ్చిపోయాడు. తాళంచెవి తీసి నిదానం ఒళ్ళో పెట్టాడు.

"ఆ సినిమా మళ్ళీ చూశాన్రా. అక్క నాకంతా తప్పు చెప్పింది. టోపీవాడు విషం పెట్టలేదు. తన వాటా టీ కూడా వాడికే ఇచ్చేశాడు."

నిదానం ఒళ్ళోని తాళంచెవిని ఎడమచేత్తో తడిమాడు.

భూతద్దం నిదానం గ్లాసు అందుకుని సగం తాగి, మిగతా సగం అతని చేతిలో పెట్టాడు. గ్లాసు వణికింది. టీ అంచుదాకా ఎగిరింది గానీ, ఒలకలేదు.

"విషముందేమో చూసుకున్నావట్రా?" అన్నాడు నిదానం.

"ఉంటే ఇద్దరం పోతాం. తాగు."