నేల మీద కూర్చున్న రాజు

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో చరిత్ర చెప్పిన సారు అన్న ఒక మాటను నేను ఇప్పటికీ క్షమించలేదు. తొంభైల నాటి సంగతి, ఇంకా పట్టుకుని కూర్చున్నావేమిటని నా భార్య అంటుంది. పట్టుకునే కూర్చుంటాను.

మధ్యాహ్నం క్లాసు. రేకుల కప్పు కింద సగం మంది కునుకు తీస్తున్నారు. వాళ్ళను లేపడానికి సారు పరీక్షకు అక్కరలేని కథ ఎత్తుకున్నాడు. వెయ్యేళ్ళ కిందట, పాత దేవతలను కొలిచే చెక్ రాజు ఒకడు పొరుగున ఉన్న పెద్ద రాజు ఇంటికి విందుకు వెళ్ళాడు. ఆ పెద్ద రాజు క్రైస్తవుడు. బాప్తిస్మం తీసుకున్న వాళ్ళకు బల్ల దగ్గర కుర్చీలు వేసి, ఇతనికి మాత్రం నేల మీద వడ్డించారు. మా దేవుణ్ణి నమ్మితే నువ్వూ పైన కూర్చోవచ్చని అక్కడి బిషప్ అన్నాడట. రాజు తన మనుషులతో సహా బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత అతని భార్యా తీసుకుంది.

"సూడుండ్రి, ఒక్క కుర్చీ కోసం ఇంటి దేవుళ్ళను ఇడిసిండు," అన్నాడు సారు. "మన దగ్గర చర్చిలోళ్ళు పంచిన పాలపొడికి మతం మారినోళ్ళు లేరా, గట్లనే."

క్లాసంతా నవ్వింది. పక్కవాడు నన్ను మోచేత్తో పొడిచి, "అన్నా, మీకెన్ని డబ్బాలు ఇచ్చిండ్రే?" అన్నాడు.

మా నాన్న తాపీమేస్త్రీ. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి కవాడిగూడ బస్తీలో ఉండేవాడు. నా చిన్నప్పుడు చిక్కడపల్లిలో ఒక ఇల్లు పునాది నుంచి కట్టాడు. గృహప్రవేశం నాడు ఇంటివాళ్ళు ఆనవాయితీ ప్రకారం ఆయనకు బొట్టు పెట్టి, కొత్త బట్టలు పెట్టారు. బట్టలు పెట్టారంటే భోజనానికి కూర్చోమన్నట్టే అనుకుని, నాన్న ఆ కొత్త పంచె కట్టుకుని నేరుగా మొదటి బంతిలో కూర్చున్నాడు. విస్తరిలో పప్పు పడ్డాక ఇంటాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"మేస్త్రీ, జర లెవ్వు. మీకు బయట పెడ్తున్నరు."

బయటంటే మిగిలిన ఇసుక పక్కన. నాన్న తాను వేసిన గచ్చు మీది నుంచి లేచి, తినకుండా వచ్చేశాడు. ఆ ఏడాదే నారాయణగూడలో ఒక చర్చిలో మా ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నాం. పాలపొడి డబ్బా మా గుమ్మంలోకి రాలేదు. నాన్న అన్నదమ్ములు రావడం మానేశారు. అమ్మ పోతే భుజం పట్టడానికి కూడా ఊరి నుంచి ఎవరూ రాలేదు.

క్లాసులో లేచి నిలబడ్డాను.

"కుర్చీ కోసం కాదు సార్. కింద కూసోబెట్టినందుకు."

"రెండూ ఒకటే కదనయ్యా. కూసో."

"ఒకటి కాదు సార్. ఆ మాట వాపస్ తీసుకోండ్రి."

"సిలబస్‌ల లేనిదానికి గింత పరేషాన్ ఏంది? కూసోమన్న కద."

గంట అయ్యేదాకా నిలబడే ఉన్నాను. మర్నాడూ నిలబడ్డాను. అప్పుడు ఇక క్లాసుకు రావద్దన్నారు.

చిక్కడపల్లి లైబ్రరీలో వెతికి మిగిలిన కథ చదివి, ఇంటికి వెళ్ళి నాన్నకు జరిగింది చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు.

"ఆ రాజు తర్వాత ఏమయ్యిండు?" అని అడిగాడు.

"సొంతోళ్ళే ఎల్లగొట్టిండ్రు నాయినా. మల్ల వచ్చి ఏలిండు. ఆయన పోయినంక, కోడలు మనుషులను పంపి ఆయన పెండ్లాన్ని సంపించింది. తల మీది గుడ్డతోనే గొంతు బిగించిండ్రట."



"మల్ల ఎవ్వరన్న కింద కూసోబెట్టిండ్రా ఆయన్ని?"

"లేదు."

"మనకు గూడ చర్చిల బెంచీ ఉన్నది," అన్నాడు. "గోడకానుకొని, ఆఖరిది."

మాకిచ్చింది ఆఖరిదన్న సంగతి ఆయన అంతకుముందు ఎన్నడూ ఎత్తలేదు. గమనించలేదనుకునేవాణ్ణి.