ఓబుళప్ప ముందుకు జరిపిన టైమింగు

నా పుస్తకాల బీరువా అడుగు అరలో రెండు వైర్లు అతికించిన చిన్న బల్బు ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ పెట్రోలూ గ్రీజూ కలిసిన వాసన వస్తుంది. ఆ వాసన వెంటే ఎర్రదుమ్ము, ఉడికించిన చెనక్కాయలు, వాటి మధ్య ఇస్త్రీ పంచెలో ఓబుళప్ప, అంతా వచ్చేస్తుంది.

కదిరి దగ్గర మా ఊళ్లో కారున్నది ఆయనొక్కడికే. మా నాయన దానికి డ్రైవరు. వానల్లేక చేలు ఎండి, ఆడవాళ్లు కరువు పనిలో రోడ్డుకు కంకర కొడుతున్న ఆ ఏళ్లలో ఆ మహానుభావుడి దిగులల్లా ఒకటే: గట్టు రోడ్డు ఎక్కేటప్పుడు పక్క ఊరి బావమరిది కారు తన కారును దాటిపోతోందని.

ఇంజన్లో నిప్పురవ్వ ఏ క్షణాన పడాలో, ఆ టైమింగును నాయన ఆ బల్బుతోనే చూసేవాడు. పుల్లీ మీది గీతను గుర్తుకు ఎదురుగా తెచ్చి, నిప్పురవ్వను పంచే డిస్ట్రిబ్యూటరును మెల్లగా తిప్పుతూ, బల్బు వెలిగిన చోట బోల్టు బిగించేవాడు. కాఫీ తాగి వచ్చిన ఓబుళప్ప ఆ బోల్టు వదులు చేసి, స్పీడు కోసమని ఆ టైమింగును ఇంకాస్త ముందుకు జరిపేవాడు. ఇంజను డబ్బాలో గులకరాళ్లు పోసినట్టు మోగేది. అరుగు మీద ఆయన కాఫీకి అలవాటుపడిన పెద్దమనుషులు అది బలం చప్పుడని తలలూపేవాళ్లు. వాళ్లలో ఒక్కడు కూడా ఒక్క పుస్తకం తెరిచిన పాపాన పోలేదు.

నేను తెరిచాను. కదిరి గ్రంథాలయంలో అట్ట చిరిగిన మోటారు పుస్తకం దొరికితే అక్కడే కూర్చుని చదివాను. నిప్పు మరీ ముందుగా పడితే, పైకి వస్తున్న పిస్టన్ను మంట వెనక్కి తోస్తుందనీ, అప్పుడు ఇంజన్ను స్టార్టు చేయడానికి చేత్తో తిప్పే హ్యాండిల్ ఎదురు తిరిగి మణికట్టు విరుస్తుందనీ అందులో ఉంది. ఇంటికొచ్చి చెబితే నాయన సంగటి ముద్ద చేతిలోనే పట్టుకుని నవ్వాడు.

"పుస్తకంలో గూడా రాసినారా? అయితే ఓబుళప్పకు తెలీనిది నాకూ పుస్తకానికే తెలుసు."

ఆయుధపూజ రోజు కారుకు బంతిపూలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఊరంతా చేరింది. ఓబుళప్ప కొత్తది కొనకుండా లాగిస్తున్న బ్యాటరీ ఎప్పటిలాగే చచ్చింది. నాయన హ్యాండిల్ తీసుకుని, వంగి డిస్ట్రిబ్యూటరు చూసి, ఆగిపోయాడు.

"ఏమిరా, నిలబడినావు? తిప్పు."

"మళ్లీ ముందుకు జరిపినారు సామీ. ఎదురు కొడుతుంది. వెనక్కి తెచ్చి తిప్పుతా."

"నా కారుకు నువ్వు బుద్ధి చెప్తాండావా? తిప్పితే తిప్పు. లేకుంటే పనిలోంచి పో."

ఇంట్లో ఐదుగురం ఆ జీతం మీదే బతుకుతున్నాం. గుంపులోంచి అమ్మ నాయన వైపే చూస్తోంది.

"కారు మీదే సామీ. చేయి నాది," అని నాయన హ్యాండిల్ నేల మీద పెట్టేశాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకు ఓబుళప్ప పంచె ఎగగట్టి హ్యాండిల్ తానే పట్టుకున్నాడు, నాయన ఎన్నడూ చుట్టని బొటనవేలు దాని చుట్టూ బిగించి మరీ. ఒక్క తిప్పుకే అది ఎదురు తిరిగి మణికట్టు విరిచింది. బంతిపూల మీద పడి ఆయన అరిచిన అరుపు ఎద్దు అరిచినట్టుంది. తర్వాత కదిరి ఆసుపత్రిలో మాత్రం ఎద్దే పొడిచిందని చెప్పుకున్నాడు. అరుగు మీది పెద్దమనుషులు ఎద్దు రంగుతో సహా సాక్ష్యం చెప్పారు.

నాయన ఉద్యోగం ఆ పూటే పోయింది. లారీ షెడ్డులో పని దొరికేదాకా మా సంగటి జావైంది. అమ్మ ఆ జావ ముందు నాయనకే పోసేది.

ఇప్పటి కార్లకు హ్యాండిల్ లేదు. నిప్పు సంగతి కంప్యూటరు చూసుకుంటుంది. ఓబుళప్ప లాంటివాళ్లు వేలు పెట్టడానికి బానెట్టు కింద ఏమీ మిగల్లేదు. ఓబుళప్ప చేయి చివరిదాకా వంకరగానే ఉండిపోయింది. నాయన పోయిన రోజు, నాయన చేతులు రెండూ ఛాతీ మీద చేర్చింది నేనే. రెండు మణికట్లూ తిన్నగా ఉన్నాయి.