చప్పిడి అల్లుడు

ఆ రోజుల్లో, అంటే ఎనభైల్లో, గుంటూరులో పుట్టి కారం తిననని చెప్పుకోవడం కన్నా ఇంట్లోంచి పారిపోయొచ్చానని చెప్పుకోవడం సులువు. నాకేమో పాతికేళ్లు దాటగానే పేగులు ఎదురు తిరిగాయి. ఒక వారం చెంబు వదలనిచ్చేవి కావు, ఇంకో వారం ఎంతసేపు కూర్చున్నా కనికరించేవి కావు. పరీక్షలన్నీ చేయించి డాక్టరుగారు, "రోగమేం లేదయ్యా, నీ పేగులకు కోపమెక్కువ. కారం, పాలు, శనగపిండి మానెయ్," అన్నారు. (రోగం లేనివాడి చేత ఇన్ని మానిపించడమేమిటో!) అప్పట్నుంచి మెత్తటి అన్నం, సొరకాయ, పలచటి మజ్జిగ. నా కంచం చూస్తే నాకే నీరసమొచ్చేది.

అలాంటప్పుడు పెళ్లయి, మొదటిసారి అత్తవారింటికి వెళ్లాను. వాళ్లు పిడుగురాళ్ల అవతల మిరప రైతులు. విస్తట్లో గోంగూర, కోడిపులుసు, పండుమిరప పచ్చడి ఎర్రగా మెరిసిపోతుంటే నేను మజ్జిగ అడిగాను. మామగారు ముద్ద ఆపేసి, "మన పొలంలో కాయలయ్యా! కారం తినకపోతే సత్తువెట్టా వస్తుంది?" అన్నారు. అత్తగారు వంటింట్లోకి వెళ్లి, "అల్లుడుగారికి మన వంట నచ్చలేదే," అని కూతురి దగ్గర కళ్లొత్తుకోవడం నాకు వినపడింది. ఆవిణ్ణి ఏడిపించలేక పచ్చడి కలిపి నాలుగు ముద్దలు మింగాను. తర్వాత జరిగింది మర్యాదస్తులకు చెప్పేది కాదు. ఆ సాయంత్రానికి వాళ్ల దొడ్డిదారిలో ప్రతి రాయీ నాకు పరిచయమైపోయింది.

ఓపిక లేక అరుగు మీద చేరగిలబడితే, మామగారి తల్లి వచ్చి పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "ఏమయ్యా, తిన్నవెంటనే మెలిపెట్టి చెంబు పట్టాలనిపిస్తుందా?"

"అవునండీ మామ్మగారూ."

"నాకూ అంతేనయ్యా, కాపురానికొచ్చిన కాణ్ణుంచీ. ఎవరితో చెప్పుకునేది? నలుగురితో పాటు తినడం, పడటం."

అని, లోపలున్న అత్తగారిని కేకేసింది. "అమ్మాయ్! రేపట్నుంచి అల్లుడికి చప్పిడి కూర వండి, నాక్కూడా పెట్టు. ఇంక నాకు కారం వద్దు."

అత్తగారు గరిటెతో బయటికొచ్చి నిలబడిపోయింది. "ఇన్నేళ్లూ చెప్పలేదేం అత్తయ్యా?"

"అడిగిందెవరే?"

మర్నాటి నుంచి ఇద్దరం పక్కపక్కనే కూర్చుని సొరకాయ తిన్నాం. వడ్డించేటప్పుడు అత్తగారు ముందు ఆవిడకే పెట్టేది.

ఇప్పుడు ఆ బాధకు ఇంగ్లీషులో పొడుగాటి పేరుందట. పేరు తెలిశాక నా పేగులేం నెమ్మదించలేదు. ఎవరైనా కారం వడ్డించబోతే మొహమాటం లేకుండా చెయ్యి అడ్డం పెట్టేస్తాను, వాళ్లు చిన్నబుచ్చుకున్నా సరే. ఎవరో నొచ్చుకుంటారని నాలుగు ముద్దలు మింగి దొడ్లోకి పరిగెత్తిన ఆ కొత్త పెళ్లికొడుకు గుర్తొస్తే నవ్వొస్తుంది. ఒక్కోసారి నాకన్నా వాడే నయమనిపిస్తుంది కూడా.