దారం లేని కుట్టు

మా మేడమీది టైలరక్కని మీరు ఒక్కసారైనా చూసి తీరాలి! మెడలో టేపు, నోట్లో గుండుసూది, ఆ సందులోంచే కబుర్లు. ఈ వారం మాత్రం కుట్టుపని అటకెక్కింది. ఐదు నెలల చంటిదానికి మొదటిసారి జలుబు చేసింది. భర్తేమో లారీ వేసుకుని దూరం వెళ్లాడు. ముక్కు దిబ్బడేసి పాప రెండు గుక్కలు తాగి, వదిలేసి, గుక్కపెట్టి ఏడుస్తుంది. అక్క దాని ముక్కులో సెలైన్ చుక్కలు వేసి, మెత్తటి గుడ్డతో తుడిచి, "కాసేపు ఆ కుళాయి కట్టెయ్యవే తల్లీ" అని తనే జోకేసి తనే నవ్వుకుంటుంది. వినడానికి ఇంకెవరున్నారు గనక?

పడుకోబెడితే పాపకి ఊపిరాడదు. అందుకే భుజాన వేసుకుని, దారం తీసేసిన మిషన్ని ఊరికే తొక్కుతూ కూర్చుంటుంది. కడుపులో ఉన్నప్పటి నుంచీ విన్న ఆ టకటకే పాపకి జోలపాట. నిన్న మధ్యాహ్నం అలాగే పాపకి కునుకు పట్టిందో లేదో, తలుపు అవతల కిందింటి పిన్నిగారి గొంతు వినిపించింది. పొద్దుట్నుంచీ అక్క చెవిన పడ్డ మొదటి పెద్దవాళ్ల మాట! "ఏమ్మా, మిషనెక్కావంటే పాపకి నెమ్మదించినట్టేగా! హమ్మయ్య. నీ పని చెడగొట్టనులే, రేపొస్తా."

పిలిస్తే పాప లేస్తుంది. కాలు ఆపినా లేస్తుంది. చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోతుంటే అక్క తలుపువైపే చూస్తూ తొక్కుతూ ఉండిపోయింది. మీరైతే పిలిచేవారా?