గొంతును నమ్మిన మాస్టారు

యోగా క్లాసంటే గుండుసూది పడినా వినిపించేంత నిశ్శబ్దంగా ఉంటుందని మీరనుకుంటే, కబుర్ల మాస్టారి క్లాసు మీరు చూడలేదన్నమాట. సైకిల్ షాపు మీది హాల్లో పొద్దున్నే ఆ క్లాసు నడుస్తుంటే, కింద షాపువాడు టైర్లకు గాలి కొడుతూ పైన ఎవరింట్లో ఏం కూరో, ఎవరి పిల్లాడికి జలుబో అన్నీ వినేవాడు. ఒక్కనాడూ మెట్లెక్కకుండానే ఆ వీధి సంసారాలన్నీ అతనికి కంఠతా వచ్చేశాయి.

ఆ కబుర్లు ఊసుపోక చెప్పుకునేవి కావు. మనిషి ఆసనంలో ఉండగా మాస్టారు దగ్గరకు వచ్చి, "ఏం కూరండీ ఇవాళ?" అని అడుగుతాడు. మామూలు గొంతుతో "క్యాబేజీ" అని జవాబొస్తే సరే. "క్యా... బే..." అని ఊపిరి తెగినా, పళ్లు బిగపట్టి చెప్పినా, "సగం వెనక్కి రండి" అంటాడు. నోరు మామూలుగా ఆడనంత కష్టంలో ఒళ్లు ఉండకూడదన్నది ఆయన పట్టు. క్లాసులో ఒక టైలరు ఉన్నాడు. రోజంతా మిషను మీద వంగి వంగి చెక్కలా బిగుసుకుపోయిన మనిషి. ఆయన ఏ ఆసనం వేసినా కూర పేరు పూర్తయ్యేది కాదు. "ఇంతకీ మీ ఇంట్లో వంట చేస్తారా లేదా?" అని తక్కినవాళ్లు ఏడిపించేవాళ్లు.

ఈ పట్టుకు కారణం మాస్టారి మెడలో ఉంది. కుర్రతనంలో ఆసనం వేయిస్తూ గురువు ఈయన వీపు మీద చేతులు వేసి, "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ అదిమాడు. నొప్పి అంటే, నొప్పి లేకుండా విద్య ఎక్కడిదిరా అన్నాడు. మెడలో ఏదో కటుక్కుమంది. ఆ తరువాత ఎన్ని ఆస్పత్రుల చుట్టూ తిరిగినా మెడ మాత్రం ఎడమవైపుకు తిరగలేదు. అటునుంచి ఎవరైనా పిలిస్తే ఆయన మొత్తం మనిషే తిరగాలి.

ఎప్పటికైనా తాను నేర్పితే, తన చేతిలో ఒక్కరికీ దెబ్బ తగలకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. తల నెరిసేదాకా ఆ ఒట్టు నిలిచింది. మాస్టారికి ఆస్తంటూ ఉంటే అదొక్కటే. దాన్ని తలుచుకుని లోలోపల కాస్త మురిసిపోయేవాడు కూడా. ఎవరి వీపునూ ముట్టుకునేవాడు కాదు. కొత్తవాళ్లు రాగానే పాత దెబ్బలు, ఆపరేషన్లు, బీపీలు ఉన్నాయేమో అడిగేవాడు. కాళ్లు చాచి కూర్చోలేనివాళ్లకు కింద దుప్పటి మడత వేయించేవాడు.

"పిక్క లాగితే లాగనివ్వండి, సర్దుకుంటుంది. నరం జివ్వుమంటే మాత్రం అక్కడే ఆగి మెల్లగా వెనక్కి రండి. కాలి బొటనవేలు అందలేదని మిమ్మల్నెవరూ జైల్లో వెయ్యరు" అనేవాడు.

ఇంట్లో ఆయన కుర్చీ గోడవారగా ఉంటుంది. దానికి ఎడమపక్కన వంటగది. సాయంత్రం పేపరు పట్టుకుని కూర్చున్నాక ఆయన ఇంట్లోనూ ఒక ప్రశ్న అడుగుతాడు.

"ఏమోయ్, ఒంట్లో ఎలా ఉంది?"

"నాకేమండీ, గుండ్రాయిలా ఉన్నాను" అని వంటగదిలోంచి భార్య జవాబు చెబుతుంది.

ఆ గొంతులో వణుకు ఉండదు, ఊపిరి తెగడం ఉండదు. మాస్టారు నిశ్చింతగా పేజీ తిప్పేవాడు.

అలా సాగిపోతున్న క్లాసులోకి ఫోన్లమ్మాయి వచ్చి చేరింది. ఒక కంపెనీలో ఫోను మీద ఫిర్యాదులు వినడం ఆమె ఉద్యోగం. ఫ్రిజ్జు చల్లబడటం లేదని అవతలివాడు ఏడు తరాలనూ కలిపి తిట్టినా, ఇవతల నుంచి "మీ ఇబ్బంది అర్థమైందండీ, ఒక్క నిమిషం" అనే తేనె గొంతు మారకూడదు. మారితే పైవాళ్లు గదిలోకి పిలిచి క్లాసు పీకుతారు. కూర్చుని కూర్చుని ఆమెకు నడుం పట్టేసింది. ఒకసారి కాలిదాకా తిమ్మిరి పాకితే, ముందుకు వంగే పనులు పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు కూడా. ఆ ముక్క మాస్టారికి చెబితే తనను గోడకు చేరేసి ఊపిరి పీల్చుకోమంటాడు, అందరితో కలిసి చేయనివ్వడు అని ఆమె భయం.

"పాత దెబ్బలేమైనా ఉన్నాయా అమ్మాయ్?"

"ఏం లేవు మాస్టారూ."

తేనె గొంతు. మాస్టారు నమ్మేశాడు.

ఆ రోజు ముందుకు వంగే ఆసనం. కాళ్లు చాచి కూర్చుని, తుంటి దగ్గర్నుంచి మెల్లగా వంగి, అందినంత వరకు అందుకోవాలి. టైలరు చేతులు మోకాళ్ల దగ్గరే మకాం పెట్టాయి. ఫోన్లమ్మాయి చేతులు పాదాలను పట్టేసుకున్నాయి. మాస్టారు ఆమె వెనక నుంచి వచ్చాడు.

"ఏం కూరమ్మా ఇవాళ?"

"బీన్స్ మాస్టారూ. మా అత్తయ్య చేశారు. కాస్త ఉప్పెక్కువైంది, అయినా బాగుందనే చెప్పాను."

ఆ ఆసనంలో అంత పొడుగు జవాబు ఇదివరకు ఎవరూ ఇవ్వలేదు. మాస్టారు ముఖం వెలిగిపోయింది.

"విన్నారా? ఇలా ఉండాలి. ఇంకో నాలుగు ఊపిర్లు ఉండు తల్లీ" అన్నాడు.

ఆ నాలుగు ఊపిర్లే కొంప ముంచాయి. అందరూ లేచారు, ఆమె లేవలేదు. నడుం నుంచి మడమదాకా ఒకటే మంట. అప్పుడు కూడా ఆమె "ఏం లేదు మాస్టారూ, ఒక్క నిమిషం" అనే అంది. మాస్టారు ముందువైపుకు వచ్చి చూశాడు. కాలివేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. దవడ బిగుసుకుంది. కళ్లమ్మట ధారగా నీళ్లు కారుతున్నాయి. గొంతు మాత్రం ఇంకా డ్యూటీ చేస్తూనే ఉంది. 

టైలరూ మాస్టారూ కలిసి ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆపరేషను అక్కర్లేదు, కొన్నాళ్లు వంగకుండా, బరువులెత్తకుండా ఉంటే సర్దుకుంటుంది అన్నాడు డాక్టరు. ఆ మాటకు టైలరు ఊపిరి పీల్చుకున్నాడు. మాస్టారికి మాత్రం ఊరట కలగలేదు. ఒకప్పుడు తన వీపును అదిమిన గురువు చేతులు ఇప్పుడు తన చేతుల్లా అనిపించాయి. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"తప్పు నాదే తల్లీ" అన్నాడు.

"నేను దాచాను కదా మాస్టారూ. మీరేం చేస్తారు?"

"దాచావు సరే. అంత నొప్పిలో గొంతు అలా ఎలా వచ్చిందమ్మా?"

ఆమె నీరసంగా నవ్వింది. "అదో పెద్ద పనా మాస్టారూ? నాకు జీతమిచ్చేదే దానికి. మా అమ్మ ఇంట్లో జీతం లేకుండానే చేసింది."

సాయంత్రానికి మాస్టారు ఇంటికి నడుచుకుంటూ బయలుదేరాడు. దారి పొడుగునా రేపటి క్లాసే తలలో తిరిగింది. ఇకనుంచి వెనక నుంచి రాకూడదు, ముందు నుంచే రావాలి. కూర అడగొచ్చు, కానీ జవాబు వింటూ కాలివేళ్లు చూడాలి, దవడ చూడాలి. కొత్తవాళ్లను ఒకసారి అడిగి ఊరుకోకూడదు, రోజూ అడగాలి. అసలు రేపు ఎవరైనా వస్తారో రారో. వచ్చినా వాళ్ల ముందు నిలబడి ఏ ముఖంతో నేర్పాలో తెలియలేదు. సిగ్గుతో సైకిల్ షాపు ముందు తల వంచుకుని నడిచాడు.

ఇంటికి వచ్చి కుర్చీలో కూలబడి, అలవాటు కొద్దీ పేపరు తీశాడు. అలవాటు కొద్దీనే నోరు కూడా కదిలింది.

"ఏమోయ్, ఒంట్లో ఎలా ఉంది?"

"నాకేమండీ, గుండ్రాయిలా ఉన్నాను."

పేజీ తిప్పబోయిన చెయ్యి ఆగిపోయింది. ఆ గొంతులో వణుకు లేదు, ఊపిరి తెగడం లేదు. సరిగ్గా అందుకే ఆయనకు భయం వేసింది. పేపరు పక్కన పడేసి లేచాడు. మొత్తం మనిషి ఎడమవైపుకు తిరిగి, వంటగది గుమ్మందాకా వెళ్లాడు.

భార్య పొయ్యి దగ్గర గరిటె తిప్పుతోంది. బరువంతా ఎడమకాలి మీద వేసింది. కుడి మోకాలు కాస్త వంగి, మడమ నేలకు ఆనకుండా ఉంది. రెండో చెయ్యి గట్టు అంచును వదలకుండా పట్టుకుంది. కుడిపాదం వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు మాస్టారు.

"ఏది ఎన్నాళ్ల నుంచండీ?"

"ఆ మోకాలు."

గరిటె ఆగింది. ఆమె వెనక్కి తిరగలేదు.

"మాస్టారింట్లోనే మోకాలి నొప్పంటే... మీ క్లాసుకు ఎవరొస్తారని..."

మాట మధ్యలో తెగింది, టైలరు చెప్పే కూర పేరులా. ఆ గొంతు అలా తెగడం మాస్టారు ఎన్నడూ వినలేదు. ఆయనకు ఏడుపు ముంచుకొచ్చింది. పొయ్యి ఆర్పి, తన కుర్చీని వంటగదిలోకి ఈడ్చుకొచ్చి ఆమెను కూర్చోబెట్టాడు. పక్కన నేల మీద తాను చతికిలబడి, ముఖం చూస్తూ మళ్లీ అడిగాడు.

"పెద్దమ్మాయి పెళ్లప్పటి నుంచి" అంది ఆమె.

ఆ పెద్దమ్మాయి కొడుకు ఇప్పుడు బడికి వెళుతున్నాడు.